తర్పణానికి డెత్ సర్టిఫికెట్టా, మేడం?

2015 పుష్కరాలకి నేనూ మా తమ్ముడూ రాజమండ్రి వెళ్ళాం. మొదటిరోజు తొక్కిసలాట టీవీలో చూసి ఇంట్లో అందరూ వద్దన్నారు. కానీ అమ్మా నాన్నా పోయాక వచ్చిన తొలి పుష్కరం అది, మానేస్తే మళ్ళీ పన్నెండేళ్ళు. జనం కాస్త పలచబడ్డాక, ఆఖరి రోజుల్లో వెళ్ళాం. తమ్ముడు తడిపంచెతో ఘాట్ మెట్ల మీద కూర్చుంటే నేను పక్కన నిలబడి నువ్వుల పొట్లం అందిస్తున్నాను.

పంతులుగారు సంకల్పంలో గోదావరి తల్లితోపాటు కాటన్ దొరని కూడా తలుచుకున్నారు. మా వైపు ఇదేం కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే మాకు అన్నం లేదు, అందుకని దొరకి నీళ్ళలో నిలబడి దణ్ణం పెట్టుకుంటాం. ఆ తరవాత మావాళ్ళ వంతు వచ్చింది. నాన్న, తాతగారు, ముత్తాతగారు అంటూ తమ్ముడు టకటకా పేర్లు చెప్పేశాడు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అమ్మ పేరు చెప్పాడు, మామ్మ పేరు చెప్పాడు.

"ముత్తాతగారి భార్య పేరు, బాబూ?"

తమ్ముడు తలెత్తి నా వైపు చూశాడు. నేను నువ్వుల పొట్లం వైపు చూశాను.

"తెలీదా? ఫరవాలేదు, గంగ అనండి. నది పేరు చెబితే దోషం లేదు," అన్నారు పంతులుగారు. ఆయనకి ఇలాంటివాళ్ళు రోజుకి వందమంది తగులుతారు కాబోలు, గొంతులో ఆశ్చర్యం కూడా లేదు. గంగ అని చెప్పి మూడుసార్లు నీళ్ళు వదిలాం. వెనక ఇంకో కుటుంబం ఎప్పుడు లేస్తారా అని నిలబడి ఉంది.

ఇంగ్లండు నుంచి వచ్చిన దొర పేరు మాకు నోటికొచ్చు. తాతగారిని కన్నతల్లి పేరు రాదు. ఈ మాట తిరుగు బస్సులో తమ్ముడితో అంటే, "ఇప్పుడదంతా ఎవరికి కావాలక్కా," అన్నాడు. నిజమే అనుకుని ఊరుకున్నాను. ఉద్యోగం, పిల్లల పెళ్ళిళ్ళు, కరోనా. 2023 ఆఖర్న రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, పిల్లల చేత చోళరాజుల వంశవృక్షం బట్టీ పట్టించినదాన్ని. మా ఇంటి చెట్టుకి ఒక కొమ్మ లేదన్న సంగతి అప్పుడు తీరిగ్గా గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

మొదట వెళ్ళింది పెద్దత్తయ్య దగ్గరికి. అప్పటికి ఆవిడకి తొంభై. చెవి సరిగా వినపడదు గానీ బుర్ర మాత్రం పాదరసం.

"నాయనమ్మ పేరా? బుల్లెమ్మ అనేవోరే. అంతకన్నా నాకు తెలీదు. నేను పుట్టడానికి పదహారేళ్ళ ముందే పోయింది కదా."

గోదావరి జిల్లాల్లో బుల్లెమ్మ అనేది పేరు కాదు, ముద్దు. ప్రతి వీధిలోనూ ఒక బుల్లెమ్మ, ఒక బుల్లబ్బాయి ఉంటారు. అసలు పేరు వేరే ఉండి తీరాలి. తాతగారి జాతకం తీసి చూశాను. ఆనంద నామ సంవత్సరం, అంటే 1914. తండ్రి పేరు ఉంది, గోత్రం ఉంది, నక్షత్రపాదం ఉంది. తల్లి ఊసే లేదు.

"ఎప్పుడు పోయిందత్తయ్యా?"

"పెద్ద జ్వరాల యేడు. నాన్నకి నాలుగేళ్ళట. నాగులచవితి నాడు పోయింది. అందుకే కదే మనింట్లో పుట్టలో పాలు పోయరు."

నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. మా ఇంట్లో నాగులచవితి చెయ్యరని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఊరంతా చిమ్మిలి, చలిమిడి పట్టుకుని పుట్టలకి వెళ్తుంటే మేం మాత్రం గుమ్మంలో కూర్చుని చూసేవాళ్ళం. "మనకి ఆనవాయితీ లేదు" అని మామ్మ కసిరేది. పండగనాడు ఇంట్లో ఎవరైనా పోతే, మళ్ళీ అదే రోజున ఓ బిడ్డో దూడో పుట్టేదాకా ఆ పండగ చెయ్యకూడదని మావైపు ఆచారం. నూరేళ్ళుగా మా ఇంట్లో ఆ రోజున ఏదీ పుట్టలేదన్నమాట. పేరు పోయింది గానీ తేదీ మాత్రం పండగ లేకపోవడంలో భద్రంగా ఉంది.

అక్కణ్ణుంచి లెక్క సులువే. పెద్ద జ్వరాలంటే 1918 ఇన్‌ఫ్లుయెంజా. మన దేశంలోనే కోటిమందికి పైగా పోయారు. అది కాళయుక్తి సంవత్సరం. కార్తిక శుద్ధ చవితి అంటే నవంబరు మొదటి వారం. పాత పంచాంగం లెక్క తెలిసిన మాస్టారొకాయన చూసి 7వ తేదీ కావచ్చన్నారు. ఊరు తెలుసు, ఏడాది తెలుసు, ఇంచుమించు రోజూ తెలుసు. ఇంకేం, వెళ్ళి అడగడమే అనుకున్నాను. పదకొండు నెలలు పట్టింది.

ముందు చట్టం చదివాను. 1969 జనన మరణాల నమోదు చట్టం, సెక్షన్ 17. ఎవరైనా సరే ఫీజు కట్టి రిజిస్టరులో ఒక నమోదు వెతికించుకోవచ్చు, దాని నకలు తీసుకోవచ్చు. "ఎవరైనా" అనే ఉంది, "దగ్గరి బంధువు" అని లేదు. ఎందుకు కావాలో చెప్పాలనీ లేదు. ఆ పేజీ ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. పదకొండు నెలల్లో దాన్ని ఎంతమందికి చూపించానో, మడతల దగ్గర చిరిగిపోయింది.

గ్రామ సచివాలయంలో ఉన్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "1918 ఆ, మేడం? 2018 ఆ?" అని రెండుసార్లు అడిగింది. వాళ్ళ కంప్యూటర్లో అంత పాతవి ఉండవు, పుస్తకాలు మండలాఫీసులో ఉంటాయి, అక్కడికి వెళ్ళమంది.

మండలాఫీసులో దరఖాస్తు తీసుకున్న కుర్రాడు పైనుంచి కిందికి చదివి, వేలు ఒక గడి మీద పెట్టాడు. "ఏ పనికి కావాలో రాయలేదండి."

"రాయాలా?"

"ఆయ్. పాస్‌పోర్టా, ఇన్సూరెన్సా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టా, ఏదో ఒకటి ఉండాలి కదండి."

నేను పెన్ను తీసి "తర్పణం" అని రాశాను.

అతను చదివాడు. పక్క టేబుల్ ఆయనకి చూపించాడు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశాడు. "తర్పణానికి డెత్ సర్టిఫికెట్టా, మేడం? బతికున్నారని అనుమానమా?"

నవ్వు నాకూ వచ్చింది. కానీ ఆ తరవాత ఆయన గొంతు తగ్గించి అడిగిన ప్రశ్నే ఈ వ్యవహారమంతటా నా వెంటబడింది. "ఏదైనా ఆస్తి గొడవాండి?" పాత కాగితం అడిగిన ప్రతివాడూ ఎవరో ఒకరి పొలం మీద కన్నేసినవాడేనని ఆఫీసుల నమ్మకం. పూర్తిగా తప్పనీ అనలేను. వాళ్ళ దగ్గరికి అలాంటివాళ్ళే వస్తారు. ఊరికే తెలుసుకోవడానికి వచ్చేవాడికి వాళ్ళ ఫారంలో గడి లేదు.

వేరే చోట్ల ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో వంశవృక్షం కోసం అడిగేవాళ్ళకి వేరే దరఖాస్తే ఉంటుంది. పుట్టుక అయితే 75 ఏళ్ళు, చావైనా పెళ్ళయినా 50 ఏళ్ళు దాటి ఉండాలి, ఆ మనిషి బతికి ఉండకూడదు. ఇంగ్లండులో అసలు కారణమే అడగరు. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా మేనల్లుడికి ఫోన్లో నా గోడు చెప్పుకుంటుంటే వాడు నవ్వి, "ఎవరిది కావాలో చెప్పత్తా, ఇక్కడ ఎవరిదైనా ఇస్తారు," అన్నాడు. ఒళ్ళు మండి కాటన్ దొరది తెప్పించమన్నాను.

తెప్పించాడు! కాటన్ 1899 జూలైలో డార్కింగ్ అనే ఊళ్ళో పోయాడు. వాళ్ళకి 1837 నుంచీ దేశం మొత్తానికి ఒకటే సూచిక ఉంది. పేరు, ఏడాది, ఊరు కొడితే పుస్తకం నెంబరు, పేజీ నెంబరు వచ్చేస్తాయి. కార్డుతో డబ్బు కట్టాడు, సర్టిఫికెట్టు పోస్టులో వచ్చింది. మీకు ఆయన ఏమవుతారని ఎవరూ అడగలేదు. యాభై ఏళ్ళలోపు పుట్టినవాళ్ళ జనన పత్రాలకైతే ఇంకొన్ని వివరాలు అడుగుతారట, అంతే. వాడు దాన్ని ఫోటో తీసి పంపాడు. వయసు, వృత్తి, కబురు చెప్పింది ఎవరు, దేనివల్ల పోయాడు, అన్నీ వరసగా ఉన్నాయి. దొర ఏ జబ్బుతో పోయాడో ఇక్కడ రాయను, అది మనకి అనవసరం. నా బాధల్లా ఒకటే. మన మరణ నమోదు నకల్లో దేనివల్ల పోయారన్న సంగతి ఎవరికీ ఇవ్వకూడదని అదే సెక్షన్ 17లో ఉంది. మనవడికీ ఇవ్వరు, మునిమనవరాలికీ ఇవ్వరు. గోదావరి మీద ఆనకట్ట కట్టిన పరాయి మనిషి చావుకారణం మా పిల్లాడికి పోస్టులో వచ్చింది. మా ఇంటి మనిషిది నాకు చట్టప్రకారం రాదు.

రెండు నెలలు గడిచాయి. "రికార్డు రూములో వెతుకుతున్నారండి" అనే జవాబే. చివరికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మండలస్థాయి ఆఫీసుకి ఫీజు 5 రూపాయలు. ఆ పుస్తకం ఉందా లేదా, ఉంటే ఎక్కడుంది అని రెండే ప్రశ్నలు. ఇరవై రోజులకి ఫోన్ వచ్చింది. "రండి మేడం, ఓసారి మీరే చూద్దురు గాని."

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి, లేకపోతే ఆ పుస్తకం దొరకడం ఎంత అదృష్టమో తెలీదు. అప్పట్లో ఊళ్ళో పుట్టుకలూ చావులూ రాసుకునేది మునసబు. 1899 నాటి మద్రాసు చట్టం ప్రకారం ఆ పని ఆయనది. తలారి వచ్చి ఫలానా ఇంట్లో ఫలానా అని చెబితే రాసి, తాలూకా కచేరీకి పంపేవాడు. 1984 జనవరిలో కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దయ్యాయి. కొందరు దస్త్రాలు అప్పగించారు, కొందరివి అటకల మీదే ఉండిపోయాయి. మరుసటేడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా కచేరీలో ఉన్న మూటల్ని నాలుగైదు మండలాలకి పంచారు. మా ఊరి మూట సరైన బండి ఎక్కిందో లేదో ఎవరు చెప్పగలరు? ఆ పైన 86 వరదలు, 96 తుపాను. మా తాలూకాలో పక్క ఊరివి 1931కి ముందువి ఒక్కటీ మిగల్లేదట. నాకంటే ముందు ఓ పెద్దాయన వాళ్ళ నాన్న పుట్టినతేదీ కోసం వచ్చి ‘రికార్డు లభ్యం కాదు’ అన్న కాగితం పట్టుకెళ్ళాడట.

రికార్డు రూము అంటే వెనకవైపు ఒక గది. ఇనప అలమరాలు, వాటి మీద కప్పుదాకా ఎర్రగుడ్డ మూటలు. ఇంకో ఆర్నెల్లలో రిటైరవబోయే అటెండరుగారు నిచ్చెన వేసుకుని మా ఊరి మూట దింపాడు. ముడి విప్పగానే ఒక వాసన వచ్చింది. పాత బియ్యం డబ్బాలో వేపాకు ఎండిపోతే వచ్చే లాంటి వాసన. పుస్తకాల అంచులు వెండిపురుగు కొట్టేసి జల్లెడలా ఉన్నాయి. 1916 ఉంది. 1917 లేదు. 1918 అట్ట లేదు, లోపలి కాగితాలు ఉన్నాయి.

మామూలు నెలల్లో ఊళ్ళో రెండో మూడో చావులు. అక్టోబరు ఒక పేజీ నిండింది. నవంబరు పేజీలు తిప్పుతూనే ఉన్నాం. అదంతా ఒకే చేతిరాత. మొదట్లో గుండ్రంగా పొందిగ్గా ఉన్న అక్షరాలు పోను పోను ఒరిగిపోయాయి. పాపం ఆ మునసబు ఇంట్లో ఎవరికైనా జ్వరమేమో, తనకే ఉందేమో.

జూనియర్ అసిస్టెంటు కుర్రాడు వేలు పెట్టి వెతుకుతూ ఆగాడు. వెంటనే టేబుల్ సొరుగులోంచి చెక్క స్కేలు తీసి ఆ వరస చివర అడ్డంగా పెట్టాడు.

"ఏంటి బాబూ అది?"

"చావుకారణం రాసే గడి అండి. చూపించకూడదు."

ఆ కుర్రాడి నిజాయితీకి నాకు ముచ్చటేసింది. నకల్లో రాయకూడదన్న నిబంధనని అతను నా కళ్ళకి కూడా వర్తింపజేశాడు. కానీ స్కేలు ఒక్క వరస వెడల్పే ఉంది. దాని పై వరసలో "జ్వరము" అని ఉంది. కింద "డిటో". దాని కింద "డిటో". పేజీ అడుగుదాకా డిటో. అప్పట్లో మునసబులకి ఇన్‌ఫ్లుయెంజా అనే గడి లేదు. కలరా, మశూచి, ప్లేగు, పాముకాటు లాంటివి వేరుగా రాసేవారు. మిగతా చాలా చావులు జ్వరంలోకే పోయేవి. స్కేలు కింద ఏముందో నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

తేదీ కలిసింది. నవంబరు 7. ఆడ. వయసు 22. ఇంటి పేరు కలిసింది. ఇక పేరు అన్న గడిలో ముత్తాతగారి పేరు రాసి, పక్కన "భార్య" అని ఉంది.

అంతే.

"పేరు లేదండి మేడం," అన్నాడు కుర్రాడు, తనే పోగొట్టినట్టు మొహం పెట్టి. పైనా కిందా చూశాం. మగవాళ్ళకి పేర్లున్నాయి. విధవరాళ్ళకి ఒకరిద్దరికి పేర్లున్నాయి, ఏ మొగుడి పేరు చెప్పాలో తెలీక కాబోలు. చంటిపిల్లలకి "మగశిశువు", "ఆడశిశువు". పెళ్ళయిన ఆడది ఫలానావాడి భార్య. చెప్పినవాడు తలారి. మునసబు అడిగి ఉండడు, తలారికి తెలిసీ ఉండదు. ఆ వారంలో రోజుకి నలుగురైదుగురు పోతున్న ఊళ్ళో ఎవరు నిలబడి పేరడుగుతారు?

నకలు తీసుకున్నాను. మంచి తెల్లకాగితం మీద సంతకం, గుండ్రటి ముద్ర. పేరు: నమోదు కాలేదు.

ఇంటికొచ్చి నాలుగురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజుల్లోనే డర్బన్ నుంచి మా దూరపు చుట్టం రాసిన మెయిలు వచ్చింది. చుట్టం అంటే, ముత్తాతగారి తమ్ముడు ఒకాయన ఇంట్లో పోట్లాడి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరుకుతోటలకి కూలీగా వెళ్ళిపోయాడు, ఆయన మునిమనవరాలు. తెలుగు రాదు గానీ "అమ్మమ్మ" అనే మాట, పులిహోర చెయ్యడం వచ్చు. 1860 నుంచి 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. ఒక్కొక్కరికీ ఒక నెంబరు. వాళ్ళందరి ఓడ జాబితాలూ నిలిచి ఉన్నాయి, అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు కంప్యూటర్లోకి కూడా ఎక్కించారు. ఆవిడ వాళ్ళ ముత్తాత వరస పంపింది. 1905, ఉమ్లాజీ ఓడ, మద్రాసు రేవు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఎడమ మోకాలి మీద మచ్చ.

మోకాలి మీద మచ్చ! ఓడెక్కినవాడి పుట్టుమచ్చలు లెక్కపెట్టినవాళ్ళే, ఊళ్ళో ఉన్నవాడి పెళ్ళాం పేరు అడగలేదు. పారిపోతే పట్టుకోవాలి కాబట్టి వాడి ఆనవాళ్ళు రాసుకున్నారు, అంతకన్నా ప్రేమేం లేదు. ఆ సంగతి తెలిసినా ఆ రాత్రి మాత్రం బుల్లెమ్మ కూడా ఓడెక్కి ఉంటే బావుణ్ణనిపించింది.

దారి చూపించింది మళ్ళీ పెద్దత్తయ్యే. నకలు చదివి వినిపిస్తే కాసేపు ఊరుకుని, "పసుపుకుంకుమ చెక్క కాగితాలు చూశావంటే?" అంది.

పుట్టింటివాళ్ళు బుల్లెమ్మకి పెళ్ళిలో పసుపుకుంకుమల కింద అరెకరం రాసిచ్చారట. నాన్నగారు, అంటే మా తాతగారు, అత్తయ్య పుట్టిన యేడు దాన్ని అమ్మేశారట. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ దాన్ని ‘బుల్లెమ్మగారి చెక్క’ అంటారు.

నాకు బుర్రలో దీపం వెలిగింది. ఆ కాలం హిందూ పెళ్ళిళ్ళకి ప్రభుత్వం దగ్గర రిజిస్టరు ఎక్కడిది? మన రాష్ట్రంలో పెళ్ళి నమోదు తప్పనిసరి చేసిన చట్టం వచ్చిందే 2002లో. కానీ కూతురికి భూమి ఇచ్చిన తండ్రి రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళి ఉంటాడు. పెళ్ళికి సాక్ష్యం పెళ్ళి పుస్తకంలో లేకపోయినా పొలం పుస్తకంలో ఉండాలి.

ముందు మంచిగా ఆ పొలం ఇప్పుడు చేస్తున్న ఇంటికి వెళ్ళాను. మజ్జిగ ఇచ్చారు, యోగక్షేమాలు అడిగారు. లింకు డాక్యుమెంటు, అంటే పొలం తాలూకు పాత దస్తావేజు, ఓసారి చూపిస్తారా అన్నాను. ఇంటాయన మొహంలో రంగు మారింది. "తొంభై యేళ్ళయిందండి టీచరుగారూ. ఇప్పుడెందుకండి?" తర్పణం అన్నాను. ఆయన నమ్మలేదు. నేనైనా నమ్మను. కోనసీమలో అరెకరం ధర తెలిసినవాడెవడూ నమ్మడు. ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపించేశారు.

ఆయన్ని తప్పుపట్టను. అదృష్టవశాత్తూ ఆయన చూపించక్కర్లేదు కూడా. రిజిస్ట్రేషన్ చట్టం 1908, సెక్షన్ 57: స్థిరాస్తి దస్తావేజులు నకలెక్కించే ఒకటో పుస్తకమూ, దాని సూచికా ఫీజు కట్టి అడిగిన ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాల పుస్తకానికి మాత్రం షరతులున్నాయి. చావుపుట్టుకల కంటే భూమి విషయంలో మనవాళ్ళు ఎంత జాగ్రత్తో అక్కడ తెలిసింది. మా ఊరి మరణాల పుస్తకానికి అట్ట లేదు. సబ్‌రిజిస్ట్రారాఫీసులో అదే కాలం నాటి సంపుటాలు తోలు వెన్నుతో, నెంబర్లతో, వరసగా నిలబడి ఉన్నాయి.

ఆన్‌లైన్ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి చేత్తోనే వెతకాలి. ఆఫీసు బయట అరుగు మీద కూర్చునే దస్తావేజు లేఖరి ఒకాయన, డెబ్బై దాటినవాడు, చలానా కట్టించి నాతో లోపలికి వచ్చాడు. పేర్ల సూచికలో తాతగారి పేరు మీద 1934 సంపుటం పట్టాడు. గొలుసుకట్టు రాత. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆయన పేపరు చదివినట్టు చదివేస్తున్నాడు.

"...యీ భూమి నా తల్లిగారైన కీర్తిశేషులు..."

ఆగాడు. పెదవులు కదిపి ఒకసారి లోపల చదువుకున్నాడు. ఆ తరవాత పైకి చదివాడు.

మూడు మాటల పేరు. చివర అమ్మ.

"...గారికి వారి తండ్రిగారు 1910 సంవత్సరములో పసుపుకుంకుమల నిమిత్తము దఖలు పరచినది..." అంటూ ఆయన చదువుకుంటూ పోతున్నాడు. హద్దులు వచ్చాయి, తూర్పు కాలవగట్టు, దక్షిణం ఎవరిదో దొడ్డి. నేనేం వినలేదు. తాతగారు ఇరవయ్యేళ్ళ వయసులో ఈ ఆఫీసుకే వచ్చి, ఎవరిచేతో తల్లి పేరు రాయించి, కింద సంతకం పెట్టారు. డెబ్బై ఏళ్ళు దాటేదాకా మా మధ్యే బతికారు. మేం ఎవరం అడగలేదు, ఆయన చెప్పలేదు.

1910 దస్తావేజు నకలు కూడా తీసుకున్నాను. అందులో "చిరంజీవి సౌభాగ్యవతి" అని పేరుకి ముందు ఉంది. పధ్నాలుగేళ్ళ పిల్ల అప్పటికి. ఊరు ఉంది, పుట్టింటివారి ఇంటిపేరు ఉంది, పెళ్ళికొడుకు పేరు ఉంది. లేఖరి డబ్బు పుచ్చుకోనన్నాడు. బలవంతాన జేబులో పెడితే, "మా ఆవిడది కూడా ఓ చెక్క ఉందండి, కాగితం తీసి చూడాలి," అన్నాడు.

రెండు నకళ్ళూ పట్టుకుని మళ్ళీ మండలాఫీసుకి వెళ్ళాను. మరణాల పుస్తకంలో ఆ ఖాళీ గడి నింపిద్దామని ఆశ. కుర్రాడు సంతోషించాడు, కుర్చీ వేశాడు. సవరణ సెక్షన్ 15 కింద వస్తుందన్నాడు. దానికి విషయం స్వయంగా తెలిసిన ఇద్దరు నమ్మకస్తుల డిక్లరేషన్ కావాలన్నాడు. 1918 సంగతి స్వయంగా తెలిసిన ఇద్దర్ని తెమ్మంటున్నానని అతనికే అప్పుడు తట్టింది. ఇద్దరం నవ్వుకున్నాం. గడి అలాగే ఉంది.

పేరు ఇక్కడ రాయడం లేదు. 2027లో గోదావరి ఒడ్డున మా తమ్ముడు చెప్పాక ఎవరైనా చెప్పుకోవచ్చు. అప్పటిదాకా తెలిసింది నాకూ, లేఖరికీ, ఆ కుర్రాడికీ, పెద్దత్తయ్యకీ.

అత్తయ్యకి ఆమె చెవి దగ్గర కూర్చుని మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. నాలుగోసారి తనే పలికి చూసుకుంది. "ఇంత పేరా! బుల్లెమ్మ అంటే ఏదో బుల్లి మనిషి అనుకున్నానే," అంది. కాసేపాగి, "పోయేటప్పటికి ఎన్నేళ్ళన్నావూ?"

"ఇరవై రెండు."

"మా మనవరాలి కంటే చిన్నదే," అని కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "కేలండరు ఇలా తే. నాగులచవితి మీద రాసిపెట్టు. నేను మర్చిపోతాను."